సిద్దప్ప తుండుగుడ్డ

పుంగనూరు పశువుల దళారి సిద్దప్ప తన జన్మలో ముఖ్యమైన మాట ఒక్కటీ నోటితో చెప్పి ఎరగడు. అలాగని మూగవాడు కాదు, మితభాషి అసలే కాదు. వాన గురించి పొద్దున మొదలుపెట్టాడంటే భోజనాల వేళకి కూడా ఆ మబ్బు ఊరు దాటేది కాదు. చెనక్కాయలో పురుగు, పలమనేరు మామిడి ధర, బస్సుల్లో దుమ్ము, ఎవరి కోడి ఎవరింట్లో గుడ్డు పెట్టింది, అన్నీ గొంతెత్తి చెప్పేవాడు. కానీ మాట కాస్త బరువైందంటే చాలు, చప్పున నోరు మూసేసి భుజం మీది తుండుగుడ్డ తీసి ఎదుటివాడి చేతి మీద కప్పేవాడు. ఇక చెప్పదలచుకున్నదంతా ఆ గుడ్డ కింద వేళ్ళతోనే.

సంతలో పశువుల బేరం అలాగే జరుగుతుంది. గుడ్డ కింద చేతులు కలుపుతారు. ఏ వేలు పట్టుకుంటే ఎంత, ఏ కణుపు నొక్కితే ఎంత అన్నది వాళ్ళకు తెలుసు. ఒప్పుకున్నవాడు చెయ్యి అలాగే ఉంచుతాడు, ఒప్పుకోనివాడు వెనక్కి లాక్కుంటాడు. పైకి నోటితో అరిచే ధర ఇంకొకటి ఉంటుంది. అది చుట్టూ నిలబడ్డ జనం కోసం, దాన్ని ఎవరూ నమ్మరు. తక్కిన దళారులు సంత ముగిసిందంటే గుడ్డ దులిపి భుజాన వేసుకుని మామూలు మనుషులైపోయేవాళ్ళు. సిద్దప్పకు మాత్రం సంత ముగిసేది కాదు.

పలమనేరు బస్సులో కండక్టరు టికెట్టు అడిగితే అతని చేతి మీద గుడ్డ వేసి రెండు కణుపులు నొక్కాడు. కండక్టరు చెయ్యి విడిపించుకోలేక, "అప్పా, ఇది గవర్నమెంటు బస్సు, ఎద్దు కాదు" అన్నాడు.

"ఎద్దయితే ఇంత పొగ ఇడస్తాదా అప్పా" అని సిద్దప్ప ఇంకో కణుపు పెంచాడు.

ఇంకోసారి కడుపునొప్పని మదనపల్లెలో డాక్టరు దగ్గరికి పోయాడు. నొప్పి ఎంతుందని ఆయన అడిగితే, చేతి మీద గుడ్డ కప్పి నాలుగు వేళ్ళూ గట్టిగా పట్టుకున్నాడు. ఆయన నాడి చూడమంటున్నాడనుకుని గడియారం చూసి, బాగుంది పొమ్మన్నాడు. సిద్దప్ప ఊరికి వచ్చి, డాక్టరు తన నొప్పిని సగానికి సగం తగ్గించి అడిగాడనీ, మంచి మనిషి కదా అని తానూ ఒప్పుకుని వచ్చేశాననీ చెప్పాడు. నొప్పి కూడా ఆ బేరానికి కట్టుబడి సగమే మిగిలిందట.

పరాయి ఆడవాళ్ళ చెయ్యి పట్టుకోకూడదు కాబట్టి కూరగాయల అంజమ్మ దగ్గర బేరానికి ఒక బెండకాయ తీసుకునేవాడు. దాని ఒక కొన ఆమెకిచ్చి, ఇంకో కొన తాను పట్టుకుని, పైన గుడ్డ కప్పి ఎన్నిసార్లు లాగితే అంత ధర. బేరం తెగేసరికి ఆ బెండకాయ ఎందుకూ పనికొచ్చేది కాదు. అందుకే అంజమ్మ సిద్దప్ప కోసమని ముదురు బెండకాయ ఒకటి విడిగా ఉంచేది.

ఇంట్లోనూ ఇదే వరస. చుట్టాలు బంతిలో కూర్చుని ఉండగా కూరలో ఉప్పెక్కువైతే, భార్య చిన్నక్క వడ్డించడానికి వంగినప్పుడు ఆమె చేతి మీద గుడ్డ కొస కప్పి చిటికెన వేలు నొక్కేవాడు. నోటితో మాత్రం, ఈ ఏడు ఉత్తరం గాలి ఎక్కువగా ఉందని అనేవాడు.

ఈ మనిషికి ఎదురింట్లో కాపురం ఉండడం రాజమ్మకు పెద్ద శిక్ష. రాజమ్మకు మూడో తరగతి చదువు, ముప్పై వీధుల సమాచారం. ఎవరింటికి ఎవరు వచ్చారు, ఎందుకు వచ్చారు, ఏం తిని పోయారు, ఈ మూడూ తెలియకపోతే ఆమెకు రాత్రి కునుకు పట్టేది కాదు. పిల్లల్ని పెంచి, కోడళ్ళకు ఇల్లు అప్పగించి, వీధరుగు మీద స్థిరపడిన మనిషి. ఆమె కళ్ళ ముందే సిద్దప్ప అరుగు మీద రోజూ ఎవరో ఒకరు గుడ్డ కింద చెయ్యి పెట్టి ఏవేవో తేల్చుకుని పోతుంటే, ఆమె చెవులకు వినబడేది ఒట్టి వాన కబుర్లు.

"అన్నా, ఆ గుడ్డ కింద ఏం మాట్లాడతాండావు, నాకు సెప్తే నేనేమన్నా ఊరంతా దండోరా ఏస్తానా" అని ఆమె ఒకసారి అడిగేసింది.

సిద్దప్ప ఆమెను చాలాసేపు చూసి, "రాజమ్మా, పడమట మబ్బు సూసినావా" అన్నాడు.

డెబ్బై తొమ్మిదిలో రాజమ్మ మిద్దె మీది గదిలోకి హెల్గా అద్దెకు దిగింది. జర్మనీ దేశపు పిల్ల, పుంగనూరు పొట్టి ఆవుల మీద పరిశోధన చెయ్యడానికి వచ్చింది. మనిషి తల ద్వారబంధానికి తగిలేంత ఎత్తు. తన నడుము దాకా కూడా రాని ఆవుల పక్కన మోకాళ్ళ మీద కూర్చుని టేపుతో కొలతలు తీసేది. మదనపల్లెలో ఒక అయ్యవారి దగ్గర తెలుగు నేర్చుకుంది గనక, ఆవుల్ని కూడా "మీరు కొంచెం పక్కకు జరుగుతారా" అని అడిగేది. ఆవులు జరిగేవి. అంత మర్యాదగా వాటిని అంతకు ముందు ఎవరూ అడిగి ఉండరు.

ఆ కొలతలకు సాయం పట్టడానికి పశువుల ఆసుపత్రి నుంచి కాంపౌండరు మునిరత్నాన్ని పంపించారు. మునిరత్నం సిద్దప్ప చెల్లెలి కొడుకు. పొగరెక్కిన కోడెను ఒంటి చేత్తో నేల కరిపించే మొనగాడు, ఆడపిల్ల ఎదురైతే కాలి బొటనవేలితో నేల తవ్వేవాడు. టేపు ఒక కొన హెల్గా, ఇంకో కొన మునిరత్నం పట్టుకున్నారు, మధ్యలో ఆవు. చలికాలం వెళ్ళేసరికి ఆ ఆవు అడ్డం కూడా వాళ్ళకు కనబడ్డం మానేసింది.

ఇక్కడ మన వాళ్ళయితే ఏం చేస్తారో అందరికీ తెలుసు. ఎవరికీ తెలియకుండా ఏడాది తిరుగుతారు, ఊరంతా తెలిశాక ఇంకో ఏడాది లేదంటారు. హెల్గా అలా చెయ్యలేదు. ఒక పొద్దున రాజమ్మ బావిలో నీళ్ళు తోడుతుంటే వచ్చి, "రాజమ్మ గారూ, నేను మునిరత్నాన్ని ప్రేమిస్తున్నాను" అని, చేద ఇటివ్వమన్నంత మామూలుగా అంది. చేంతాడు రాజమ్మ చేతిలోంచి జారింది. చేద బావిలో పడింది.

"సిన్నగా మాట్లాడమ్మా. ఈ మాట యాడా అనొద్దు."

"ఎందుకు? ఇది మంచి మాటే కదా."

వీధిలో ప్రతి రహస్యాన్నీ తవ్వి తియ్యడానికి రాజమ్మ పడే పాట్లు ఇన్నీ అన్నీ కావు. ఈ పిల్ల అడగకుండానే తెచ్చి ఒళ్ళో పోస్తుంటే, ఎవరో తన చేతిలో పని లాక్కున్నట్టు అనిపించింది. ఆ వారంలోనే హెల్గా అదే మాట టపా ఇచ్చే ముద్దుకృష్ణకు చెప్పింది, అంజమ్మకు చెప్పింది, మునిరత్నానికయితే రోజూ చెప్పింది. పొద్దున ఆసుపత్రి గేటు దగ్గర, సాయంత్రం సైకిలెక్కేటప్పుడు, దారిన పోయేవాళ్ళు ఆగి వినేటట్టు చెప్పేది. మునిరత్నం ప్రతిసారీ ఎర్రబడి, మందుల సీసా చేతికి దొరికితే దాన్ని, లేకపోతే పక్కనున్న గేదెను తీవ్రంగా పరిశీలించేవాడు.

హెల్గా వాళ్ళ దేశంలో ఆడపిల్లా మగపిల్లవాడూ ఇద్దరే కలిసి షికారు పోవడం ఆచారమట. మదనపల్లెలో సినిమాకు ఇద్దరమే వెళ్దామని హెల్గా పిలిచింది. మునిరత్నం చెప్పిన వేళకి చక్కగా తల దువ్వుకుని, పినతల్లినీ, పినతల్లి పిల్లల్నీ, రాజమ్మనూ వెంటబెట్టుకుని వచ్చాడు. ఒంటరిగా తీసుకుపోతే ఆ పిల్ల పరువేం కావాలని అతని ఆలోచన. తనతో ఒంటరిగా ఉండడం అతనికి ఇష్టం లేదని ఆమె అనుకుంది. హాల్లో ఆడవాళ్ళ బెంచీల మీద హెల్గా, మగవాళ్ళ వైపు మునిరత్నం. సగం సినిమాలో ఆమె లేచి, దడి దాటి మగవాళ్ళ వైపు పోయి అతని పక్కన కూర్చుంది. అంతే, ఆ వరస బెంచీలో మగవాళ్ళంతా గౌరవంగా లేచి నిలబడ్డారు. వెనకవాళ్ళకు సినిమా కనబడక గొడవైంది. ఆ తర్వాత కాఫీ తాగుతూ, ఎవరి కాఫీకి వాళ్ళం డబ్బులిద్దామని హెల్గా అంది. వాళ్ళ దేశంలో అది ఎదుటి మనిషికిచ్చే గౌరవం. మునిరత్నం ఆ కాఫీ సగంలో వదిలేశాడు. ఇంటికి వచ్చి రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

అలాగని అతను ఏమీ చెయ్యలేదని కాదు. ఆమె సైకిలు గొలుసు తెగితే తెల్లారేసరికి బాగై ఉండేది. అతని సొంతూరి వైపు, సదుం నుంచి రాగిపిండి వచ్చేది, దానికి ముందే బెల్లం కలిపి ఉండేది. ఆమె ఊళ్ళకు పోయినప్పుడు ఫర్లాంగు దూరంలో ఇంకో సైకిలు వెనకే వచ్చేది, ఆమె ఇల్లు చేరాక తిరిగిపోయేది. ఇవన్నీ రాజమ్మ చూస్తూనే ఉంది. హెల్గాకు చెప్పింది కూడా. ఆ పిల్ల విని, "అది సాయం. అతను మంచివాడు, అందరికీ సాయం చేస్తాడు. ప్రేమ ఉంటే నోటితో చెప్పాలి కదా" అంది.

మునిరత్నం మనసులో ఏముందో రాజమ్మకు గోడ వల్ల తెలిసింది. గోడలంటే ఆమెకు మొదటి నుంచీ అభిమానం. సిద్దప్ప పెరట్లో మేనమామ, మేనల్లుడు మాట్లాడుతుంటే ఆమె గోడకివతల సందులో పిడకలు ఏరుతూ నిలబడింది. ఎంత ఏరినా అక్కడ ఉన్నవి రెండే పిడకలు.

"మామా, ఆ పిల్ల సంతలో ధర అరిసినట్ల అరస్తాండాది" అన్నాడు మునిరత్నం. "నిజంగా లోపల ఉండే మాటయితే అట్ల అందరి ముందరా పడేస్తారా? పైకి అరిసేది జనానికే కదా. ఉత్తదేనేమో అని నాకు బయంగా ఉండాది."

రాజమ్మ చేతిలో పిడకలు అలాగే ఉండిపోయాయి. ఈ పిల్ల రోజూ చెబుతున్నందుకు వాడు నమ్మలేదు. వాడు ఒక్కసారీ చెప్పనందుకు ఈ పిల్ల నమ్మలేదు. ఒకరంటే ఒకరికి ప్రాణం, మధ్యలో నమ్మకం మాత్రం లేదు.

వేసవి చివరికి హెల్గా గడువు తీరింది. సంతరోజు మధ్యాహ్నం బస్సుకు కుప్పం, అక్కడ రైలు, ఆ పైన విమానం. ఆమె తిన్నగా సిద్దప్ప అరుగు మీదికి పోయి కూర్చుంది. రాజమ్మ కూడా తన చేటలో బియ్యం అక్కడికే తెచ్చుకుని ఏరసాగింది.

"సిద్దప్ప గారూ, అతను ఒక్కసారి నోటితో చెబితే నేను మా ఇంటికి పోయి, పనులు ముగించుకుని, తిరిగి వచ్చేస్తాను. ఇక్కడే ఉంటాను. చెప్పకపోతే రాను. నేను నిశ్చయించుకున్నాను."

సిద్దప్ప మబ్బు వైపు చూశాడు. మబ్బు లేదు. "నోటి మాటకు మా పక్క ఇలువ లేదమ్మణ్ణీ" అన్నాడు.

"మా పక్క నోటి మాటకే విలువ."

అంతటితో హెల్గా లేచి మిద్దె మీదికి పోయింది. రాజమ్మ మాత్రం ఊరుకోదలచుకోలేదు. మరునాడే పశువుల ఆసుపత్రికి పోయి మునిరత్నాన్ని పట్టుకుంది. ఆ మాట చెప్పక తప్పదనీ, సిగ్గయితే ముందు తన దగ్గర అలవాటు చేసుకోమనీ, తానే హెల్గా అనుకోమనీ చెప్పి ఎదురుగా నిలబడింది. మునిరత్నం ఎద్దు ముక్కుతాడు గట్టిగా పట్టుకున్నాడు, నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. నోరు తెరిచి, "ఈ ఎద్దుకు కడుపులో నులిపురుగులు ఉండాయి" అన్నాడు. ఎన్నిసార్లు చెప్పించినా నులిపురుగుల్ని దాటి ముందుకు పోలేకపోయాడు.

ఇంకో చిక్కు కూడా ఉంది. మునిరత్నం తల్లి ఆదిలక్ష్మమ్మ. సదుం పక్కన పల్లెలో మెట్టచేలూ ఆవులూ చూసుకునే విధవరాలు. తన చేలోకి గొర్రెల్ని తోలినవాణ్ణి ఆమె తిడితే, ఆ తిట్లు వినడానికి కలకడ నుంచి జనం బండ్లు కట్టుకుని వచ్చారని చెప్పుకునేవాళ్ళు. ఆమె నోట 'కాదు' అన్న మాట వచ్చిందంటే ఇక అంతే. సొంత పినతండ్రి కూతురి పెళ్ళికి రానని ఒకసారి కోపంలో నలుగురిలో అనేసింది. మాట తప్పలేక పెళ్ళిరోజున పక్కింటి గోడ వెనక నిలబడి, ఏడుస్తూ తాళి కట్టడం చూసింది. పందిట్లో భోజనం పెట్టబోతే, తాను రాలేదు కాబట్టి తిననని వెళ్ళిపోయింది. అటువంటి మనిషికి ఈ సంగతి ఎవరు చెబుతారు? చెప్పవలసినవాడు సిద్దప్ప. చెల్లెలికి చెప్పావా అని రాజమ్మ కనబడినప్పుడల్లా అడిగేది. సిద్దప్ప వేరుశనగ ధర చెప్పేవాడు. చెల్లెలంటే వణుకు ఈయనకు, మగాడై పుట్టి ఏం లాభమని ఆమె చిన్నక్క దగ్గర చాలాసార్లు వాపోయింది.

సంతరోజు వచ్చింది. పరిశోధన కోసం కొన్న పొట్టి ఆవును అమ్మేసి పోవాలని హెల్గా సంతకు తోలుకొచ్చింది, సంచీ కూడా తెచ్చుకుంది. దళారి సిద్దప్ప. రాజమ్మకు సంతలో ఏ పనీ లేదు, అందువల్ల అందరికన్నా ముందే వచ్చి ముందు వరసలో నిలబడింది. కొనేవాళ్ళు వచ్చారు, సిద్దప్ప ఎవరికీ గుడ్డ అందించలేదు. ఒకడితో ఆవుకు జ్వరమన్నాడు, ఇంకొకడితో నీకే జ్వరంగా ఉన్నట్టుందన్నాడు. కుప్పం బస్సు దూరంగా స్టాండులో వచ్చి నిలబడ్డాక మునిరత్నం వచ్చాడు. సాగనంపడానికి వచ్చిన మనిషి, ఆవుకు దణ్ణం పెడుతున్నట్టు తల వంచుకుని నిలబడ్డాడు.

సిద్దప్ప అతని మోచెయ్యి పట్టి ముందుకు లాగి, "కొనేటోడు వచ్చినాడు" అని గట్టిగా చెప్పాడు. హెల్గా చేతినీ, మునిరత్నం చేతినీ ఒకటిగా చేర్చి పైన తుండుగుడ్డ కప్పేశాడు.

సంత ఒక్కసారిగా కదిలి అక్కడికి వచ్చేసింది. ఆడమనిషి చెయ్యి గుడ్డ కింద పెట్టడం ఆ సంతలో ఎవరూ చూసి ఎరగరు. తప్పో ఒప్పో ఎవరికీ తోచలేదు. దళారి పెద్దమనిషి, గుడ్డ ఉంది, ఆవు ఉంది, కాబట్టి ఇది బేరమే. బేరమైతే సలహాలివ్వడం చుట్టూ ఉన్నవాళ్ళ ధర్మం. పళ్ళు చూడమని ఒకరు, పొదుగు చూడమని ఒకరు మునిరత్నానికి చెప్పసాగారు.

గుడ్డ కింద ఏం జరుగుతోందో రాజమ్మకు కనబడలేదు. ఆ గుడ్డను లాగెయ్యాలని ఆమె చేతులు ఎంత జిలపెట్టాయో ఆమెకే తెలుసు. మొహాలు మాత్రం చూసింది. మునిరత్నం మొహం నిప్పులా ఉంది. ఏ వేలూ కాదు, ఏ కణుపూ కాదు, అతను ఆ చెయ్యి మొత్తం పట్టుకున్నాడు. పరిశోధనలో భాగంగా ఆ వేళ్ళ లెక్క నేర్చుకున్న హెల్గా ఇది ఏ లెక్కో తెలియక సిద్దప్ప వైపు చూసింది.

"నాకూ తెల్దమ్మణ్ణీ. ఈ ధర సంతలో యాడా లేదు" అన్నాడు సిద్దప్ప. "ఇష్టం లేకుంటే నీ సెయ్యి ఎనక్కి తీసుకో. వాడు మాత్రం తియ్యడు."

కుప్పం బస్సు మొదటి హారను కొట్టింది. హెల్గా చెయ్యి తియ్యలేదు. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది చూసి సదుం నుంచి వచ్చిన ముసలాయన ఒకడికి కోపం వచ్చింది.

"ఏమబ్బోడా, ఆడబిడ్డను ఏడిపిస్తాండావే. అంత తక్కువకు అడుగుతావా? నీకు అక్కాసెల్లెండ్లు లేరా" అని కర్ర నేలకు కొట్టాడు. తక్కినవాళ్ళు కూడా ధర పెంచమని మునిరత్నాన్ని కసిరారు.

బస్సు రెండో హారను కొట్టి బయలుదేరింది. హెల్గా తల అటు తిప్పింది, అంతే. అప్పుడు మునిరత్నం నోరు తెరిచాడు. ఆ నోరు మళ్ళీ నులిపురుగుల దగ్గరికే పోతుందని రాజమ్మ కళ్ళు మూసుకుంది.

"పోవద్దు" అని అరిచాడు మునిరత్నం. సంత ఆ చివరనున్న ఎద్దులు తల తిప్పి చూసేటంత గట్టిగా, "నువ్వు పోవద్దు. నువ్వు లేకుంటే నా వల్ల కాదు" అన్నాడు.

రోజూ నాలుగు వీధుల్లో ఆ మాట చెప్పే హెల్గా అప్పుడు మాత్రం ఒక్క మాటా మాట్లాడలేదు. పెదవులు బిగబట్టుకుని, గుడ్డ కింద చేతినలాగే ఉంచి నిలబడింది. ఆ మూగతనం చూశాకే మునిరత్నం మొహాన భయం పోయింది. ముసలాయన తృప్తిగా, "ఆ, ఇప్పుడు మంచి ధర సెప్పినట్లుండాడు" అని కర్ర చంకన పెట్టుకున్నాడు.

హెల్గా వెళ్ళింది, కానీ వారం తర్వాతి బస్సుకు, మునిరత్నంతో కలిసి కుప్పం స్టేషను దాకా. ఏడు తిరక్కముందే వస్తానని ప్లాట్‌ఫారం మీద చెప్పింది. ఈసారి అతను నమ్మాడు.

ఇక మిగిలింది ఆదిలక్ష్మమ్మ. హెల్గా రైలెక్కిన మరుసటి శుక్రవారం సిద్దప్ప సదుం బయలుదేరుతుంటే, రాజమ్మ తాను కూడా వస్తానని పట్టుబట్టి వెళ్ళింది. ఇంత పెద్ద గొడవ తాను లేకుండా జరగడం ఆమెకు ఇష్టం లేదు. బస్సులో దారి పొడుగునా కొంగు బిగించుకుంటూ, ఏ తిట్టుకు ఏ సమాధానం చెప్పాలో తయారు చేసుకుంది. సంత సంగతి ముందే పాకిపోయి, అక్కడ బంధువులు, ఇరుగుపొరుగు, అందరూ ఆ పాటికే వాకిట్లో చేరి ఉన్నారు, గొడవ చూడాలని వాళ్ళదీ అదే ఆశ. ఆదిలక్ష్మమ్మ పాలు పితుకుతోంది. సిద్దప్ప గొంతు సవరించుకున్నాడు. అంతలో ఆమె చెంబు పక్కన పెట్టి లేచి, "ఆ పిల్ల తిరిగొస్తానే ఈడికి పిల్సుకొని రాండి. పెండ్లి మన వాకిట్లోనే" అంది.

రాజమ్మకు అంత ఆశాభంగం జీవితంలో కలగలేదు. సిద్ధం చేసుకున్న సమాధానాలన్నీ వృథా అయ్యాయి. బంధువులు ముక్కున వేలేసుకున్నారు. అడగక ముందే ఒప్పుకున్న మహాతల్లి అని ఆదిలక్ష్మమ్మకు చుట్టుపక్కల ఊళ్ళల్లో గొప్ప పేరు వచ్చింది. తక్కినవాళ్ళు నోరెత్తడానికి వీల్లేకపోయింది, తల్లికి లేని అభ్యంతరం తమకెందుకని. హెల్గా వచ్చింది, పెళ్ళయింది. పరాయి దేశపు పిల్ల ఆ ఇంట్లో ఎలా ఇముడుతుందోనని చూడడానికి వచ్చినవాళ్ళకు, అత్తాకోడళ్ళు ఒకే ఆవుకు అటూ ఇటూ కూర్చుని దాని గిట్టల గురించి వాదించుకోవడం కనబడింది.

కానీ రాజమ్మకు ఆ 'ఔను' ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. అంత సులువుగా ఎలా అంది? ఎనభై ఆరులో, హెల్గా ఆవు ఈనిందని చూడడానికి సదుం పోయినప్పుడు, ఇక పట్టలేక అడిగేసింది. హెల్గా పొలంలో ఎవరి గొర్రెల్నో తోలుతూ, అత్త దగ్గర నేర్చుకున్న భాషలో గొర్రెలవాణ్ణి కడిగేస్తోంది. ఆదిలక్ష్మమ్మ ఆ కేకలు కాసేపు మురిపెంగా విని, ఈ పక్కకు తిరిగింది.

"సులువా? ఆ ఎండాకాలమంతా నేను కాదనే అంటిని రాజమ్మా. మా అన్న వారం వారం వచ్చి ఈ అరుగు మీదనే నా పక్కన కూసోని సెయ్యి మీద గుడ్డేసేవాడు. నేను లాగేసుకుందును. మల్లా వారం వచ్చేవాడు. మల్లా లాగేసుకుందును. ఒకసారి గుడ్డ తీసి ఆవు మీదికి ఇసిరేస్తిని. ఆయప్ప పోయి తెచ్చుకోని, దులిపి, మల్లా కూసున్యాడు. నోటితో ఒక్క మాట అనలే, నన్ను అననియ్యలే."

"మరి ఎప్పుడు ఒప్పుకుంటివి?"

"ఆ పొద్దు సంత అయిపోయినాక వచ్చినాడు. నా బిడ్డ నలుగురిలో నోరు తెరిసినాడని సెప్పలే, ఊరికే సెయ్యి పట్టుకున్యాడు. నాకెందుకో లాక్కోబుద్ది కాలే." ఆదిలక్ష్మమ్మ లేగదూడ మెడ నిమిరింది. "నేను నోటితో కాదన్యానని ఒక్కరికి తెలిసుంటే, ఔననేదానికి నాకు మొగమెట్ల వస్తాది? నా సంగతి ఆయప్పకు తెలుసు. సంతలో కూడా అంతేనమ్మా. గతిలేక ఎద్దును తక్కువకు ఇచ్చేటోడు, పక్కనోని ముందర తల వంచకుండా ఇంటికి పోవల్ల గదా. అందుకే ఆయప్పకు ఆ గుడ్డ."

సిద్దప్ప ధైర్యం లేనివాడని తాను చిన్నక్క దగ్గర అన్న మాటలన్నీ గుర్తొచ్చి రాజమ్మ నాలుక కరుచుకుంది. ఎన్ని ఇళ్ళల్లో ఎన్ని 'కాదు'లు ఆ గుడ్డ కిందే అణిగిపోయి, ఎంతమంది మర్నాడు తలెత్తుకుని 'ఔను' అన్నారో లెక్కపెట్టబోయి, లెక్క తెలియక ఊరుకుంది.

"ఈ మాట యాడా అనొద్దు" అంది ఆదిలక్ష్మమ్మ, ఆకులో జున్ను కట్టి చేతికిస్తూ. "ఊర్లో నాకు మంచి పేరుండాది."

పుంగనూరులో బస్సు దిగేసరికి వీధి వీధంతా అరుగుల మీద కాచుకుని ఉంది. సదుం నుంచి రాజమ్మ వట్టి చేతులతో వచ్చినా వట్టి నోటితో రాదని అందరికీ తెలుసు. చిన్నక్క అందరికన్నా ముందు ఎదురొచ్చి, ఏం విశేషాలని అడిగింది. రాజమ్మ నోరు తెరిచింది, మూసింది. పొట్లం విప్పి జున్ను ముక్క తీసి చిన్నక్క నోట్లో పెట్టింది. జున్ను నోట్లో ఉండగా ఎవరూ రెండో ప్రశ్న అడగలేరు. అంజమ్మ వచ్చింది, ఆమెకూ పెట్టింది. ముద్దుకృష్ణ సైకిలు ఆపాడు, అతనికీ పెట్టింది. అలా వీధి చివరి దాకా అడిగినవాళ్ళ నోళ్ళన్నీ తీపి చేసి, తన వాకిట్లోకి వచ్చి తలుపు వేసుకుని, ఆఖరి ముక్క తన నోట్లోనే వేసుకుంది. ఆ రోజుకు తన నోటి మీద ఆమెకు అంత నమ్మకం లేదు.